వాకబుకు దొరకని పెళ్ళికొడుకు

ఫణీంద్రకు ముప్పై ఆరో ఏట సంబంధం కుదిరేలా ఉన్న వారంలోనే అతని బ్యాంకు చైర్మన్‌కు గోప్యత పట్టుకుంది. రెండూ వేర్వేరు కాలాల్లో జరిగి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు.

బ్యాంకు గుంటూరు లక్ష్మీపురంలో, ఒక డాక్టరు మోజుపడి కట్టుకుని అప్పులపాలై అమ్ముకున్న మేడలో ఉండేది. దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే నియమం తప్పినట్టవుతుంది. చిన్న బ్యాంకు. అంటే ఖాతాదారులు కొద్దిమంది, ఖాతాలు మాత్రం పెద్దవి. కోల్డ్ స్టోరేజీల వాళ్ళు, మిర్చి ఎగుమతుల వాళ్ళు, నర్సింగ్ హోముల వాళ్ళు, స్పిన్నింగ్ మిల్లుల వాళ్ళు వచ్చేవారు. ఇంకెవరైనా పొరపాటున లోపలికి వస్తే గార్డు షేక్ బాజీ మంచినీళ్ళిచ్చి బయటికి దారి చూపేవాడు. లోపల మెత్తటి సోఫాలు, వెండి గ్లాసుల్లో బాదంపాలు. అలాంటి చోట మాధవరపు ఫణీంద్ర డిప్యూటీ మేనేజరు.

తల్లీ తండ్రీ లేరు. అక్క రాజ్యలక్ష్మి ఇంట్లో ఉంటాడు. ఆమె చూసిన సంబంధాలన్నీ ఏదో ఒక మెలిక దగ్గర తెగిపోయేవి. ఒకరికి అతని ఎత్తు చాలలేదు. ఒకరికి అతను మాట్లాడలేదని కోపం. ఇంకొకరికి మాట్లాడాడని. చివరికి రేపల్లె సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు హైమవతి. అక్కడి గవర్నమెంటు ఆసుపత్రిలో ఫార్మసిస్టు.

"మీ బ్యాంకులో పని ఎట్లా ఉంటుందండీ?" అని పెళ్ళిచూపుల్లో ఆమే అడిగింది.

"డబ్బున్నవాళ్ళు జోకులు చెబుతారండి. మేం నవ్వాలి," అన్నాడతను.

హైమవతి నవ్వింది. నవ్వినందుకు ఆమెకు జీతం ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అది నిజం నవ్వే. ఇంటికొచ్చాక ఫణీంద్ర ఏ మాట మొదలుపెట్టినా ఆ నవ్వు దగ్గరికే వచ్చి ఆగుతుంటే, రాజ్యలక్ష్మి దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టింది.

ఇక మిగిలింది వాకబు. పెళ్ళయ్యాకగానీ తెలియని సంగతుల కోసం పెళ్ళికి ముందు ఊరంతా తిరిగి అడగడం మనవాళ్ళ అలవాటు. తెలిసేదేమీ ఉండదు, అడిగామన్న తృప్తి మిగులుతుంది. హైమవతి తండ్రి తాళ్ళూరి కోటిలింగానికి ఆ తృప్తి చాలదు. ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబుల్. సర్వీసు చివర్లో పాస్‌పోర్టు వెరిఫికేషన్లు చూసినవాడు. మనిషి చెప్పిన చోట ఉన్నాడా, చెప్పిన పనే చేస్తున్నాడా అన్నది తేలకుండా ముక్కూమొహం తెలియనివాళ్ళనే దేశం దాటనివ్వలేదు. కూతుర్ని కృష్ణ కాలవ దాటనిస్తాడా? అయితే అప్పుడే మూఢం వచ్చింది.

"మూఢంలో మంచి సంగతి తెలిసినా పనికిరాదమ్మా. మూఢం పోయినాక వస్తా. బ్యాంకులో నలుగురు 'మావాడే' అన్నారంటే తాంబూలాలు పుచ్చుకోవడమే," అని రాజ్యలక్ష్మికి ఫోన్లో చెప్పాడు.

ఆ మూఢంలోనే చైర్మన్ ఇంటూరి విశ్వేశ్వరరావు స్విట్జర్లాండు నుంచి దిగాడు.

ఆయన అక్కడికి పోవడానికి ఒక మిఠాయి పెట్టె కారణం. దీపావళికి బ్యాంకు ఖాతాదారుల ఇళ్ళకు మిఠాయిలు పంపేది. ఒక పెట్టె మీద 'మీ రెండో లాకరు తెరిచి ఏడాది నిండిన శుభసందర్భంలో' అని బంగారు అక్షరాలతో రాయించారు. పెట్టె అందుకున్న ఇల్లాలికి మొదటి లాకరు సంగతే తెలియదు. ఆవిడ భర్త, ఒక స్పిన్నింగ్ మిల్లు యజమాని, బ్యాంకులో ఖాతా మూసేసి, ఇంట్లో నోరు మూసుకున్నాడు. ఆ దిగులు పోగొట్టుకోవడానికి చైర్మన్ కుటుంబంతో స్విట్జర్లాండు వెళ్ళి, మంచు చూసి, అక్కడి బ్యాంకులను రోడ్డు మీద నుంచి చూసి, సర్వం తెలుసుకుని వచ్చాడు.

మేనేజరు అవధాని సిబ్బందినంతా పోగుచేసి, నిలబడి సర్క్యులర్ చదివాడు. ఆయన ఏది చదివినా దానపత్రం చదివినట్టే ఉంటుంది.

"నేటి నుండి మన సంస్థ గోప్యతా మహాయుగంలోనికి ప్రవేశించుచున్నది. ఖాతాదారుల నామధేయములు ఉచ్చరింపరాదు. వారిని 'మాన్యులు' అని మాత్రమే సంబోధింపవలెను. మాన్యులకు రాగి బిళ్ళ ఒకటి ఒసగబడును. బిళ్ళ చూపిన పని జరుగును. ముఖము చూపిన, అట్టి ముఖమును సంస్థ ఎరుగదు."

మర్నాడు మొట్టమొదట వచ్చిన మాన్యుడు కోల్డ్ స్టోరేజీ పున్నయ్య.

"ఏం ఫణీ, బాగుండావా?"

"నమస్కారం మాన్యులు గారూ. తమరెవరో నాకు తెలియదండి."

"ఏందయ్యా ఇది. మొన్న మా మనవడి బారసాలలో పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకున్నావు గదా."

"ఆ పులిహోర ఎవరిదో గుర్తు లేదండి."

"మా ఇంటిదేనయ్యా."

"తమరికి ఇల్లున్నట్టు మా దృష్టికి రాలేదండి."

పున్నయ్య మొహం కందగడ్డ అయింది. అవధాని చేతులు జోడించుకుని అడ్డం వచ్చాడు. "మాన్యులవారు మన్నించాలి. తమరిని ఎరగకపోవడమే తమకు మేము చేయుచున్న సేవ."

"ఇన్‌కంటాక్సోళ్ళు వచ్చి అడిగినా ఇట్టాగే అంటారా?"

"తమరే స్వయంగా వచ్చి అడిగినా ఇంతే కదండీ."

పున్నయ్యకు ఆ మాట తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక మాత్రం దిగలేదు. సాయంత్రం క్లబ్బులో పేకాట ఆపి మరీ చెప్పాడు: "మా బ్యాంకులో నేనెవరో ఎవ్వడికీ తెలవదు. మీరు మీ బ్యాంకులకు పోతే ప్రతి గుమాస్తా పేరు పెట్టి పిలుస్తాడు. అదీ ఒక బతుకేనా?"

వారం తిరిగేసరికి గుంటూరులో డబ్బున్న ప్రతివాడికీ తనను ఎవరూ ఎరగకూడదని కోరిక పుట్టింది. కొత్త ఖాతాల కోసం బారులు తీరారు. డబ్బున్నవాడికి అందరూ తనను గుర్తుపట్టాలని ఎంత ఆశో, గుర్తుపట్టనట్టు నటించాలనీ అంత ఆశ. రెండో ఆశకు ఇన్నాళ్ళూ దుకాణం లేకపోయింది, అంతే.

చైర్మన్ ఉబ్బిపోయాడు. రెండో సర్క్యులర్ సిబ్బంది మీద పడింది. ఉద్యోగులు తాము ఉద్యోగులమని బయట చెప్పరాదు. లోపల కూడా చెప్పరాదు. ఒకరినొకరు పేరుతో పిలవరాదు. జేబు మీది పేరు బిళ్ళల్లో పేర్లు తీసేశారు, బిళ్ళలు మాత్రం పెట్టుకోమన్నారు. హాజరు పుస్తకంలో అందరూ అడ్డగీత గీసి లోపలికి పోయారు.

ఫణీంద్రకు వాకబు గుర్తొచ్చింది. అవధాని గదిలోకి వెళ్ళాడు.

"సార్, నా గురించి అడగడానికి బయటివాళ్ళెవరైనా వస్తే…"

"సార్ అని నన్ను సంబోధించుట నన్ను మేనేజరుగా గుర్తించుటయే. ఈసారికి ఉపేక్షించుచున్నాను. ఎవరు వస్తారు?"

"పెళ్ళి సంబంధమండీ. రేపల్లె వాళ్ళు. మూఢం పోగానే వాకబుకొస్తారు."

"శుభం. సంస్థ తరఫున హార్దిక శుభాకాంక్షలు. అయితే తమరి ఉనికిని ధ్రువీకరించే అధికారం ఈ శాఖకు లేదు."

"మరి ఎవరికుందండీ?"

"చైర్మన్ గారికి."

"వారిని అడిగితే చెబుతారా?"

"చైర్మన్ గారున్నట్టు మనం ఒప్పుకోరాదని సర్క్యులర్‌లో నాలుగో పేరా."

ఫణీంద్ర మళ్ళీ తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. ఉద్యోగం మానేస్తే ఉద్యోగం లేని పెళ్ళికొడుకు. మానకపోతే మనిషే లేని పెళ్ళికొడుకు. ఏది తక్కువ నష్టమో రేపల్లె వాళ్ళను అడగలేడు గదా.

మూడో సర్క్యులర్‌తో బోర్డు తీసేశారు. దాంతో వీధికి అనుమానం పట్టుకుంది. పెద్ద కార్లొస్తున్నాయి, పెద్దమనుషులు దిగుతున్నారు, బోర్డు లేదు. కొందరు పేకాట అన్నారు. కొందరు కిడ్నీల వ్యాపారమన్నారు. ఎదురింటి ముసలమ్మ మాత్రం ఎవరో స్వాములవారు దిగారని గేటుకు దండం పెట్టుకుని పోయేది. అనుమానం పోవాలంటే ఇంకో బోర్డు కావాలని చైర్మన్ సెలవిచ్చాడు. ఏ బోర్డు అన్నది అవధాని ఆలోచించాడు.

"డబ్బున్నవారు కారులో వచ్చి, గుట్టుగా మాటలాడి, గుట్టుగా పోయెడి స్థలం లోకంలో ఒకటే కలదు. సంబంధాల కార్యాలయం."

మర్నాటికి 'శ్రీ కల్యాణ ఘడియ వివాహ వేదిక' అని బోర్డు లేచింది. పక్కన సన్నాయి ఊదుతున్న ఇద్దరి బొమ్మలు.

బోర్డు చూసి నిజం తల్లిదండ్రులు రావడం మొదలుపెట్టారు. వాళ్ళను పొమ్మంటే బ్యాంకని తెలిసిపోతుంది. కాబట్టి ఆదరించాలని నాలుగో సర్క్యులర్. వెండి గ్లాసుల్లో బాదంపాలు ఇచ్చారు. అంత మర్యాద ఏ సంబంధాల వాళ్ళూ చేసి ఎరగరు. పాలు తాగినవాళ్ళు చుట్టాలకు చెప్పారు. అవధానికి తనలో ఇన్నాళ్ళూ దాగి ఉన్న ప్రతిభ బయటపడింది. ఎవరి అప్పు ఎంత, ఎవరి పొలం తాకట్టులో ఉంది, ఎవరిది పైపై డాబు అన్నది ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషి. ఆయన కలిపిన జంటల్లో ఏ ఒక్కరూ మోసపోలేదు. తెనాలి పిల్లకు పిడుగురాళ్ళ పిల్లాణ్ణి, బాపట్ల డాక్టరుకు నరసరావుపేట డాక్టర్ని ముడేసి పారేశాడు. డిపాజిట్లకన్నా జాతకాలే ఎక్కువ చేరాయి. లాకర్లలో జాతకాలు పెట్టారు.

బిళ్ళలు పట్టుకుని వచ్చిన మాన్యులు కూడా ఆ వరసలోనే కూర్చునేవారు. ఒకరోజు పక్కన కూర్చున్న ఒకావిడ పున్నయ్యను పలకరించింది.

"మీకు అబ్బాయా అండీ, అమ్మాయా?"

పున్నయ్యకు నియమమంటే అప్పటికే ప్రాణం. "అబ్బాయేనండీ," అన్నాడు.

"ఏం చేస్తుంటాడు?"

"ఇంకా స్థిరపడలేదమ్మా," అని, మొన్న బారసాల అయిన మనవడి జాతకం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. వారం తర్వాత ఆవిడ జాతకాలు బ్రహ్మాండంగా కలిశాయని కబురు పెడితే ఏం చేయాలో తెలియక పున్నయ్య ఊరు విడిచి శ్రీశైలం పోయాడు.

"ఇంత చక్కగా దాగిన బ్యాంకు ఆసియా ఖండంలో లేదు," అన్నాడు చైర్మన్. ఫోన్లో అన్నాడు. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పలేదు. ఎవరు విన్నారో అడగలేదు.

మూఢం వెళ్ళిపోయింది. కోటిలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని రేపల్లె నుంచి పొద్దున బండెక్కాడు. ముందు రాజ్యలక్ష్మి ఉండే వీధిలో అడిగాడు. పాలవాడు మంచివాడన్నాడు. ఇస్త్రీబండి అతను నెమ్మదస్థుడన్నాడు. కోటిలింగం సంతోషంగా లక్ష్మీపురం వచ్చి మేడ ముందు నిలబడి, బోర్డు చదివి, చేతిలోని అడ్రసు చదివి, మళ్ళీ బోర్డు చదివాడు.

"ఏమబ్బాయ్, ఈడ బ్యాంకుండాలే?" అని గేటు దగ్గరున్న బాజీని అడిగాడు.

"ఈడ బ్యాంకేడిది సార్. పెళ్ళిళ్ళ ఆఫీసు."

"నువ్వెవరు?"

"అది చెప్పగూడదు సార్."

"మరి ఆ తుపాకీ ఏంది?"

బాజీ తుపాకీ వంక చూసుకున్నాడు. దాని గురించి సర్క్యులర్ రాలేదు. "పెళ్ళిలో పేలుస్తాం సార్. మంగళసూత్రం కట్టేటప్పుడు," అన్నాడు.

కోటిలింగం లోపలికి పోయి అవధాని ఎదురుగా కూర్చున్నాడు. "మాధవరపు ఫణీంద్ర అని డిప్యూటీ మేనేజరంట. ఆయన గురించి నాలుగు ముక్కలు కనుక్కుందామని వచ్చా."

"అట్టి నామధేయం గల వ్యక్తి ఈ ఆవరణలో పూర్వం గాని, ప్రస్తుతం గాని, ఇకముందు గాని లేడు."

"ఇకముందు సంగతి మీకెట్టా తెలుసండీ?"

"సంస్థకు దూరదృష్టి కలదు."

"మరి ఆ కిటికీ పక్కన కూచున్న మనిషెవరు?"

అవధాని అటు తల తిప్పి చూసి, ఇటు తిప్పి, "కిటికీ ఉన్నమాట వాస్తవం," అన్నాడు.

కోటిలింగం లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. ఫణీంద్ర ముందున్న జాతకాల కట్ట సర్దడం మొదలుపెట్టాడు. ఆయన వెనకే అవధాని వచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా ఫణీంద్రా."

"నమస్కారమండి. ఎవరికోసం చూస్తున్నారు? అబ్బాయికా, అమ్మాయికా?"

"నా మొహం చూసే అడుగుతున్నావా ఆ మాట?"

ఫణీంద్ర అటూ ఇటూ చూశాడు. ఎదురుగా పెళ్ళి, వెనక ఉద్యోగం. రెండూ తననే చూస్తున్నాయి. "అమ్మాయికైతే ఒక మంచి సంబంధం ఉందండి," అన్నాడు. "గుంటూరే. అక్క దగ్గర ఉంటాడు. సిగరెట్టు, మందు లేవు."

"పేరు?"

"చెప్పకూడదండి."

"ఉద్యోగం?"

"అదీ చెప్పకూడదండి."

"అమ్మాయిని చూశాడా?"

"చూశాడండి. ఆ రోజు నుంచి అతనికి ఇంకో ధ్యాస లేదండి."

కోటిలింగం అతని కళ్ళలోకి చూశాడు. సర్వీసులో అబద్ధం చెప్పేవాళ్ళను చాలామందిని చూశాడు. అబద్ధం చెబుతూ ఏడుపు ఆపుకునేవాణ్ణి ఇదే చూడటం. "ఈ మాట నీ తరఫున అంటున్నావా, ఇంకెవరి తరఫునైనా అంటున్నావా?"

అవధాని సన్నగా దగ్గాడు.

"వేదిక తరఫునండి," అన్నాడు ఫణీంద్ర.

కోటిలింగం వెనక్కి తిరిగి, బాదంపాలు ముట్టకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం రాజ్యలక్ష్మికి ఫోన్ చేశాడు.

"మీ తమ్ముడు చెప్పిన చోటే ఉండాడమ్మా. కానీ ఆ చోటు చెప్పిన చోటు కాదు. ఆ మనిషి తాను ఆ మనిషి కాదంటాడు. నా సర్వీసులో ఇట్టాంటి కేసు రాలేదు. మేమైతే దరఖాస్తు తిప్పి పంపుతాం. ఈ సంబంధం కూడా అంతే."

ఫణీంద్ర ఇంటికి వచ్చేసరికి రాజ్యలక్ష్మి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏరా, నువ్వు నువ్వు కాదన్నావంటగా."

"రూలక్కా."

"తగలబెట్టు నీ రూలు. ముప్పై ఆరేళ్ళొచ్చినాయి. నేను పోయినాక నీకు కాస్త ముద్ద పెట్టేవాళ్ళుంటారని ఊరూరా తిరిగి సంబంధం తెస్తే, వేదిక తరఫునంటా, వేదిక. ఆ పిల్ల ఇప్పుడే ఫోన్ చేసింది. వాళ్ళ నాయన వద్దన్నా, తను స్వయంగా వచ్చి కనుక్కుంటదంట. రేపే. రేపు గూడా ఇట్టాగే అన్నావో, మళ్ళీ ఈ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తబాక. నేను ఎత్తను."

ఫణీంద్ర ఏమీ తినకుండా పడుకున్నాడు.

ఆ మర్నాడే చైర్మన్ తనిఖీకి వచ్చాడు. గోప్యత ఎంతవరకు వచ్చిందో కళ్ళారా చూడాలని, పెళ్ళికూతురి తండ్రిలా పంచె కట్టి, భుజం మీద కండువా వేసి, చేతిలో పసుపు రాసిన కవరు పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. తనను ఎవరూ గుర్తుపట్టరాదని ముందే రాతమూలకంగా ఆజ్ఞ ఇచ్చాడు. అందరూ గుర్తుపట్టారు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఆయన పక్కనే, శ్రీశైలం నుంచి ధైర్యం చేసి తిరిగొచ్చిన పున్నయ్య.

పదకొండు గంటలప్పుడు హైమవతి వచ్చింది. ఆసుపత్రికి సెలవు పెట్టి వచ్చినట్టుంది, భుజాన అన్నం డబ్బా సంచి అలాగే ఉంది. వెనక కోటిలింగం ద్వారం దగ్గరే ఆగిపోయాడు. ఆమె ఎవర్నీ అడగకుండా నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి ఫణీంద్ర ఎదురుగా కూర్చుంది.

"నేను ఉద్యోగం అడగనండీ. జీతం అడగను. మీ పేరు చెప్పండి చాలు."

హాలంతా చెవులు రిక్కించింది. అవధాని నడుస్తూ నడుస్తూ ఆగాడు. చైర్మన్ సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నాడు, పరీక్ష చూడబోయే మాస్టారి ఆనందంతో.

"మాన్యులు…" అన్నాడు ఫణీంద్ర.

"నా పేరు హైమవతి. నేను చెప్పాను గదా. మీ నోట మీ పేరు రావడానికి ఇంకొకళ్ళ అనుమతి కావాలంటే చెప్పండి, లేచిపోతా. రేపు ఇంటి తలుపు తీయడానికి గూడా ఎవరినో అడిగొస్తానంటారు. అంత ఓపిక నాకు లేదు."

ఆమె సంచి సర్దుకుని లేచింది. ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నా పేరు మాధవరపు ఫణీంద్ర. ఇది బ్యాంకు. నేనిందులో డిప్యూటీ మేనేజర్ని. నిన్న మీ నాన్నగారికి చెప్పిన సంబంధం నాదే. బోర్డు అబద్ధం. తుపాకీ నిజం."

చైర్మన్ కవరు విసిరికొట్టి లేచాడు. "ఈ ఫణీంద్రను తక్షణం ఉద్యోగంలోంచి తొలగించండి."

"ఎవరినండీ?" అన్నాడు అవధాని వినయంగా.

"ఇతన్ని."

"చెప్పబడిన నామధేయం గలవారు సంస్థలో లేరు. లేని వ్యక్తిని తొలగించుటకు విధానం ఏర్పరచబడలేదు."

"ఏర్పరచమని నేను చెబుతున్నాను."

"తమరెవరండీ?"

"అవధానీ, ఆటలాడుతున్నావా? నేను చైర్మన్ని."

"క్షమించాలి. నాలుగో పేరా."

చైర్మన్ పున్నయ్య వైపు తిరిగాడు. "పున్నయ్యా, నువ్వన్నా చెప్పవయ్యా. మనం వియ్యంకులం."

పున్నయ్య మొహంలో కోల్డ్ స్టోరేజీ చల్లదనం వచ్చింది. "మీరెవరో తెలవదండి. బ్యాంకేంది, మధ్యన? నేను మావాడి సంబంధం కోసం వచ్చా."

అవధాని సైగ చేశాడు. బాజీ వచ్చి చైర్మన్ చెయ్యి మెత్తగా పట్టుకున్నాడు. "రా పెద్దాయనా. ఆడపిల్ల తండ్రివి, కంగారుంటది. దొరుకుద్దిలే మంచి సంబంధం," అని నడిపించుకుపోయి గేటు అవతల నిలబెట్టాడు.

చైర్మన్ రోడ్డు మీద నిలబడి తన పేరు అరిచాడు. బ్యాంకు పేరు అరిచాడు. తన హోదా, వాటాలు, ఎన్ని ఖాతాలున్నాయో, ఎవరెవరివో అన్నీ అరిచాడు. లక్ష్మీపురం అంతా వచ్చి వింది. ఎదురింటి ముసలమ్మ, స్వాములవారికి పూనకం వచ్చిందనుకుని టెంకాయ కొట్టింది. గొంతు పోయాక ఆయన ఆగాడు. మూసిన గేటు వంక చూశాడు. అప్పుడాయనకు ఏదో తట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తననే గుర్తుపట్టలేదంటే పద్ధతి పక్కాగా అమలవుతున్నట్టే. తాను తెచ్చిన గోప్యతను తానే ఛేదించలేకపోయాడు. ఇంతకన్నా ఏం కావాలి? కండువాతో మొహం తుడుచుకుని తృప్తిగా ఇంటికి పోయాడు. అప్పటినుంచి రోజూ ఉదయం కారులో వచ్చి, బాజీ చేత గెంటించుకుని, సంతోషంగా తిరిగిపోతున్నాడని చెబుతారు.

లోపల హైమవతి ఇంకా నిలబడే ఉంది.

"నిన్న ఎందుకు లేరండీ మీరు?"

"నిన్న ఉద్యోగం ఉందండి."

"ఇవాళో?"

"తెలియదండి. తీసేసేవాళ్ళెవరో ముందు తేలాలి."

ఆమె నవ్వింది. ద్వారం దగ్గర కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. "తేలిందమ్మా," అన్నాడు కూతురితో. "మనిషి ఉండాడు. కొంచెం ఆలస్యంగా ఉండాడు, అంతే."

ఫణీంద్రను బ్యాంకు తీసేయలేకపోయింది. అతని రాజీనామా కూడా తీసుకోలేకపోయింది. తెనాలిలో ఒక సహకార సంఘంలో చేరి, మొదటిరోజే తన పేరు పెద్ద అక్షరాలతో చెక్క మీద చెక్కించి బల్ల మీద పెట్టుకున్నాడు. అక్షరాలు మరీ పెద్దవని ప్రెసిడెంటు అన్నా తీయలేదు.

ఆ మాఘంలో రేపల్లెలో పెళ్ళయింది. కొత్త జంట గుంటూరు వచ్చి రాజ్యలక్ష్మి ఇంటి ముందు దిగింది. వీధిలో షామియానా, కుర్చీల నిండా చుట్టాలు. గుమ్మానికి అడ్డంగా రాజ్యలక్ష్మి, ఇద్దరు కూతుళ్ళూ హారతి పళ్ళెంతో నిలబడ్డారు. పేర్లు చెప్పందే లోపలికి రానివ్వరు. ఆడపడుచుల హక్కు అది.

"ఊఁ, చెప్పమ్మా. ఎవరితో వచ్చావు?"

"మాధవరపు ఫణీంద్ర గారితో, హైమవతిని వచ్చానండీ," అంది హైమవతి. గొంతులో తొణుకు లేదు.

"నువ్వు చెప్పరా."

ఫణీంద్ర నోరు తెరిచాడు. ఎదురుగా ఇంతమంది జనం. అందరూ వింటున్నారు. ఎవరు ఏమవుతారో, ఎవరికి చెప్పొచ్చో. చెయ్యి దానంతటదే, ఒకప్పుడు పేరు లేని బిళ్ళ ఉండే చొక్కా జేబును తడుముకుంది. గొంతు తగ్గించి, మర్యాదగా, తోడబుట్టిన అక్కను అడిగాడు:

"ఇంతకీ తమరెవరండీ?"

రాజ్యలక్ష్మి హారతి పళ్ళెం కూతురి చేతికిచ్చి, హైమవతి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుని, తమ్ముడి మొహం మీద తలుపేసి గడియ పెట్టింది.

ఫణీంద్ర తలుపు కొట్టాడు. లోపల నవ్వులు, గాజుల చప్పుడు. కాసేపటికి తలుపు అవతల నుంచి హైమవతి గొంతు వినిపించింది, ఎంతో మర్యాదగా.

"ఎవరండీ? ఎవరు కావాలి?"

అతను చెప్పాడు. తలుపు తీయలేదు. గట్టిగా చెప్పాడు. వినపడలేదంది. ఇంటిపేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, గోత్రం చెప్పాడు, సహకార సంఘం చెప్పాడు, జీతం చెప్పాడు, ఆమె భర్తనని చెప్పాడు. మెడ నరాలు ఉబ్బేలా, వీధి చివర ఇస్త్రీబండి దాకా వినపడేలా అరిచాడు. ముందు వరసలో కోటిలింగం కుర్చీకి చేరగిలబడి కాళ్ళు చాపుకున్నాడు. తలుపు ఇంకా తీయలేదు.

"ఇంకొక్కసారి చెప్పండి," అంది హైమవతి.